పద్నాలుగో చెట్టు

అయ్యా,

రోడ్డు వెడల్పు చేసే పనిలో పోయే పద్నాలుగు చెట్లను కొట్టేముందు, రికార్డు కోసం వాటి బొమ్మలు గీయమన్నారు. పదమూడు ఈ ఉత్తరానికి జతచేశాను. పద్నాలుగోదాని ఆలస్యానికి ఇది నా సంజాయిషీ.

ముందు కలంతో కొమ్మలు గీశాను. తర్వాత సిరాలో నీళ్లు కలిపి, నీడలున్న చోట కుంచెతో పలుచగా పూతలు వేశాను. మానుకు పడమటి వైపు ఎన్ని పూతలు వేసినా అక్కడున్నంత నలుపు రాలేదు. దగ్గరికి వెళ్లి చెయ్యి పెడితే భుజం దాకా లోపలికి పోయింది. మాను మొత్తం డొల్ల! ఎప్పుడో పిడుగు పడిందట. జానెడు వెడల్పు బెరడు మాత్రం బతికి ఉంది. పైనున్న అంత పచ్చదనాన్నీ అదొక్కటే మోస్తోంది.

చెట్టుకింద మిషను పెట్టుకుని బట్టలు కుట్టే ఆవిడ నవ్వింది. "ఇరవై రెండేళ్లుగా దీని కిందనుంచే ఆఫీసుకు పోతున్నారు కదా సార్, ఇవాళ కనబడిందా?"

నేను తిన్నగా ఆఫీసుకు వెళ్లి రోడ్డు ప్లాను తీశాను.

ఇన్నేళ్లలో మీరిచ్చిన ప్లానులో ఒక్క గీత కూడా మార్చి ఎరగను. నిన్న మార్చాను. ఆ చెట్టు దగ్గర రోడ్డును ఆరడుగులు పక్కకు జరిపాను. మన ఆఫీసు ప్రహరీ తప్ప ఎవరి గోడా పోదు. పెన్సిల్‌తో గీస్తే చెరిపేస్తారని భయమేసి, సిరాతోనే గీశాను. తప్పయితే శిక్ష నాకే వేయండి.

ఆ ప్లాను మీద సంతకం పెట్టేముందు ఒక్కసారి ఈ చెట్టు కిందికి రండి. నేను ఇక్కడే ఉంటాను. బొమ్మ ఇంకా పూర్తి కాలేదు.

మీ డ్రాఫ్ట్స్‌మన్