కుండలో తెల్ల వక్కలు

మంగళవారం, రాత్రి

వార్డు టికెట్ ఎవరికివ్వాలో తేల్చడానికి పార్టీవాళ్లు ఇవాళ కుండలో ఓట్లు వేయించారు. అప్పలరాజుకైతే వక్క, సావిత్రికైతే పసుపు కొమ్ము. రెండూ నా కొట్టు నుంచే ఇచ్చాను. తీరా కుండ బోర్లిస్తే, నేనిచ్చిన ఎర్ర వక్కల మధ్య తెల్లవి బోలెడు. "ఇవి నావి కావు" అనేశాను. ఎందుకన్నానో! ఒకటే కేకలు. అప్పలరాజు మాత్రం నవ్వుతూ నా భుజం మీద చెయ్యేశాడు.

"మావా, నీ సరుకు నువ్వే మర్సిపోనావేటి? రేపు పెద్దోలొస్తారు, సరిగ్గా సూసి సెప్పు."

ఇంటికి రాగానే కొట్లో వక్కల డబ్బా తీశాను. నిండా తెల్లవే. ఎర్రది ఒక్కటీ లేదు. వీధి తలుపు తాళం వేసింది వేసినట్టే ఉంది. రేపు పెద్దలకి ఏం చూపించను? వచ్చినవాడు డబ్బా దాకా వచ్చాడు. ఆ డబ్బాకీ, పార్వతీ పిల్లలూ పడుకునే గదికీ మధ్య ఉన్నది కర్టెనొక్కటే.