శనివారం మూడింటికే రావాలి

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య దీవెనలు.

ఫోన్లో నీ మాట సగం గాలికి పోతుంది కాబట్టి రాస్తున్నాను. మేడ మీది రెండు గదులూ సెలవులకొచ్చేవాళ్ళకి అద్దెకిద్దామన్నావు, సరేనన్నాను. సముద్రానికి ఎదురిల్లు, జనం రాకేం, వస్తున్నారు. కానీ ఆ రావడానికి ఒక పద్ధతుందా! సోమవారం ఒకరు వెళ్తారు, మంగళవారం ఇంకొకరు దిగుతారు, బుధవారం వాళ్ళూ పోతారు, గురువారం మళ్ళీ మెట్ల మీద పెట్టెల చప్పుడు. ఒక జత దుప్పట్లు ఆరేలోపు ఇంకో జత తడపాల్సి వస్తోంది. ముప్పై ఏళ్ళు బడి నడిపిన హెడ్‌మిస్ట్రెస్‌ని, బెల్లు లేనిచోట నాకు బుర్ర పనిచెయ్యదు. ఆ కంప్యూటర్లో ఏం తిప్పుతావో తిప్పు.

ఇట్లు,
నడుం పట్టేసిన మీ అత్తయ్య

తా.క.: నీ పోయిన ఉత్తరం ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపుతున్నాను. పదికి నాలుగు.

---

అత్తయ్యకి నమస్కారాలు.

తిప్పేశాను. ఇకనుంచి చెక్-ఇన్, అంటే సామానుతో దిగడం, శనివారం మధ్యాహ్నం మూడింటికే. మిగతా ఆరు రోజులూ క్యాలెండర్లో మూసేశాను. ఎవరైనా బుధవారం దిగుదామని నొక్కితే కంప్యూటరే కుదరదంటుంది. మళ్ళీ శనివారం పదకొండింటికి ఖాళీ చేస్తారు. మధ్యలో నాలుగు గంటలు నీ దుప్పట్లకి.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క.: ఎవరి మీదా జాలిపడి మినహాయింపులివ్వకు. కథ మళ్ళీ మొదటికొస్తుంది.

---

నాయనా, దీవెనలు.

నీ శనివారం బ్రహ్మాండం! నడుం నొప్పి పోయింది. ఇప్పుడు మేడ మీద గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నారు. నా ఈడే. భార్య పోయి చాలాకాలమైందట, దుకాణం కూతురికి అప్పగించి వచ్చారు. మంచి మనిషి. ఒక వారం బుక్ చేసుకున్నారు, అదయ్యాక ఇంకో వారం, అదయ్యాక ఇంకోటి. ఇది ఆరోది. రూలంటే రూలే కదా, ప్రతి శనివారం పదకొండు కొట్టగానే పెట్టెతో సహా బయటికి పంపేస్తాను. గేటు బయట సిమెంటు బల్ల మీద నాలుగు గంటలూ కూర్చుంటారు. మూడింటికి తలుపు తీసి, "రండి రండి, ప్రయాణం బాగా జరిగిందా?" అంటాను. "బల్లే కాస్త గట్టిగా ఉందండీ" అంటారు.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క.: పోయిన శనివారం కుండపోత. గొడుగిచ్చాను. లోపలికి మాత్రం రానివ్వలేదు.

---

అత్తయ్యా, నమస్కారం.

నాకు చెమటలు పడుతున్నాయి. ఊరికే ఎవరైనా వానలో కూర్చుని మరీ ఆరు వారాలుంటారా? నీకున్నది ఆ ఇల్లొక్కటే. ఆయన మెల్లగా పాతుకుపోయి, రేపు ఇల్లు నాదంటే ఏం చేస్తావు? అందుకే శనివారాలు కూడా మూసేశాను. ఈ సీజనంతా ఏ రోజూ, ఎవరూ దిగడానికి లేదు. ఈసారి ఆయన బయటికి వెళ్ళగానే గడియ పెట్టెయ్.

ఇట్లు,
కంగారులో ఉన్న నీ మేనల్లుడు

తా.క.: ఇంటి కాగితాలు ఎక్కడ దాచావో ఆయన ముందు అనకు.

---

నాయనా, దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. శనివారం ఆయన పెట్టె పట్టుకుని మెట్లు దిగుతుంటే అడ్డంగా నిలబడ్డాను. "ఆగండి. ఇవాళ వెళ్తే మళ్ళీ లోపలికి రావడానికి లేదు. మా మేనల్లుడి రూలు" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. పెట్టె మెట్టు మీద దించి, "మరి బయటికే వెళ్ళకపోతేనో?" అన్నారు. నీ ఉత్తరం మళ్ళీ తీశాను. రావడం మూశావు గానీ ఉన్నవాళ్ళ గురించి ఒక్క ముక్క రాయలేదు. వెనకవాళ్ళు వస్తారనే కదా ముందువాళ్ళు ఖాళీ చేసేది? వచ్చేవాళ్ళే లేనప్పుడు ఎవరికోసం వెళ్ళాలి? అందుకని ఉండమన్నాను. ఎంత తెలివిగా తిప్పావురా!

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క.: పెట్టె బరువు. చెరో కొస పట్టుకుని పైకెక్కించాం.

---

అత్తయ్యా!

వచ్చే శుక్రవారం లాయరుతో బయల్దేరి వస్తున్నాను. అప్పటిదాకా దేనిమీదా సంతకం పెట్టకు!

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క.: ఖాళీ కాగితం మీద అసలే వద్దు.

---

నాయనా, మా ఇద్దరి దీవెనలు.

నీ ఉత్తరం నిన్న అందింది. సంతకం మొన్ననే పెట్టేశాను, రిజిస్ట్రారు ఆఫీసులో, పెళ్ళి పుస్తకంలో. పోస్ట్‌మ్యానూ పక్కింటి పళ్ళ డాక్టరమ్మా సాక్షులు. ఇల్లు ఎప్పటికీ నా పేరునే ఉంటుందని ఆయన ముందే కాగితం రాసిచ్చారు, నేనడక్కుండానే.

"నెలకోసారి బుక్ చేసుకుంటే ఆ బల్ల బాధ తప్పేది కదండీ" అని అడిగాను. "వారం వారం మీరు తలుపు తీసి రండి అంటారు. నెలకి తీసుకుంటే మూడు 'రండి'లు పోతాయి" అన్నారు. ఒరేయ్, ఇక నీ దగ్గర దాపరికం దేనికి! ఆ నాలుగు గంటలూ నేను కిటికీ దగ్గరే నిలబడేదాన్ని. లేచి ఎటైనా వెళ్ళిపోతారేమోనని భయమేసేది. అరవై రెండేళ్ళొచ్చాక ఇదేం భయమో అనుకునేదాన్ని. ఇప్పుడు హాయిగా ఉంది.

లాయరుని కూడా తీసుకురా, పాపం, సముద్రం చూసి పోతాడు.

ఇట్లు,
కొత్త పెళ్ళికూతురు, మీ అత్తయ్య

తా.క.: ఆయన సామాను కింది గదుల్లోకి దించాం. మేడ ఖాళీ. శనివారాలు తెరిచెయ్.