దూది ఎగిరే గది

ప్రొద్దుటూరు, 1957 జూలై

ప్రియమైన రహమత్‌కు,

జమ్మలమడుగు ఆఫీసు ఉద్యోగం నాకు రాలేదు. ఒక్క గుమాస్తా కొలువుకు ఊళ్లకు ఊళ్లే కదిలొచ్చినాయి. నాది ఎస్సెల్సీ, ఆడికి బీయేలు గూడా వచ్చి నిలబడి ఉండారు. ఇంగ నన్నెవురు చూస్తారు?

అల్లునికి ఉద్యోగం వచ్చినాకనే పిల్లను పంపిస్తానని మీ నాయన నిఖా నాడే అన్న్యాడు. పెండ్లయి ఏడాదాయె, నువ్వు పులివెందుల్లో, నేనీడ. నాకు పగలు గూడా కలలే. పెన్నేటి ఇసుకలో చెప్పులు చేతబట్టుకొని నడుస్తాంటావు. పిలిస్తే తిరిగి చూడవు. ఏం పొగరే నీకు!

మామ చేసేది దూదేకే పనే గదా. అల్లునికి మాత్రం కుర్చీ కావాల్నా? అడిగి చూడు.

నీ ఖలందర్

* * *

పులివెందుల, ఆగస్టు

ప్రియమైన బావకు రహమత్ సలాములు.

అడిగినా. నాయన దగ్గుకుంటా బయటికి పోయినాడు. ఆయప్ప మనసులో ఏముందో నాకూ తెలీదు.

నీ కలలోకొచ్చే దానికి అంత బెట్టేంది, సచ్చినదానికి! నేనైతే పరుగెత్తుకొని వస్తా. నువ్వు దిగులుపడుకుంటా కూర్చోవద్దు. ఏదో ఒక పని నేర్చుకో, చదువేం కరిగిపోదులే.

నీ రహమత్

* * *

ప్రొద్దుటూరు, నవంబరు

ప్రియమైన రహమత్, ఇది చదివి ఎగిరి గంతెయ్యాల నువ్వు!

మా చిన్నాయన జమాల్ దగ్గర దూదేకడం నేర్చుకున్యా. మా నాయన నన్ను దూదేకే విల్లు ముట్టనీకుండా సాకినాడు గదా, మొదట్లో నారి మీటి మీటి వేళ్లు పగిలిపాయ. ఇప్పుడు పరుపులు కుట్టి అంగడికిస్తాండా.

ఎస్సెల్సీ పాసైనోడు దూదేకుతాండాడని నవ్వుతారని, తలుపులూ కిటికీలూ మూసుకొని చేస్తా. లోపల ఎట్లుంటాదో తెల్సునా? నారి జుమ్మంటాంటే దూది మబ్బులు మబ్బులుగా లేస్తాది. పెంకుల సందుల్లో ఎండ దిగి గదంతా మెరుస్తాది. ఆ మబ్బులో నువ్వు కనపడతావు. ఈసారి నా తట్టే చూస్తాంటావు. పొద్దు గుంకేదాకా బయటికి రాబుద్ధి కాదు.

కొంచెం దగ్గు పట్టుకుంది, పడిశమేమో. అల్లుడు కొలువు లేకున్నా బతుకుతాండాడని మామకు చెప్పు.

నీ ఖలందర్

* * *

పులివెందుల, నవంబరు

బావా, ఈ జాబు ఆడ పెట్టి ముందు తలుపు తియ్యి. కిటికీలు గూడా. తీసినాక చదువు.

నీ జాబు నాయనకు చదివి వినిపిచ్చినా. పరుపుల మాటకు నవ్వినాడు. దూది మబ్బుల మాట రాగానే లేచి నిలబడినాడు. "ఆ మబ్బే నా రొమ్ములో ఉండేది" అన్న్యాడు. వయసులో ఉన్నప్పుడు ఒక సావుకారి కొట్లో తలుపులు మూసి నాయన చేత దూది ఏకించుకున్యారంట. ఆ దూది పొడే ఈ దగ్గంట. ఇన్నేండ్లూ నాకు గూడా చెప్పల్యా. కుర్చీ మీద మోజుతో కాదంట బావా, కొలువు అడిగింది. ఆఫీసులకు పెద్ద పెద్ద కిటికీలుంటాయని. నాకు ఏడుపు ఆగలేదు.

నవ్వేవాళ్లను నవ్వనీ. ముక్కుకు గుడ్డ కట్టుకొని, గాలి వాలు చూసుకొని ఇంటి ముందర పంచలో కూర్చో. దూది కొంచెం ఎగిరిపోతే పోనీ. నువ్వు పోతే నేనేం జేయాల?

"వానికి చదువొచ్చు, పనీ వచ్చె. ఆ పనిలో బతికేది ఎట్లనో తెలీదు. నువ్వు పోయి చెప్పు" అని నాయనే నా మూట కడతాండాడు. కొలువు ఊసే ఎత్తల్యా.

ఈ జాబు నీకు అందే పొద్దుకు నేను బస్సులో ఉంటా. నేను దిగి వచ్చేసరికి నువ్వు పంచలో ఉండాల, పదిమందీ చూస్తాంటే దూదేకుకుంటా.

నీ రహమత్