అమ్మ అడిగిన మజ్జిగ

మిర్యాలగూడ,
ఆదివారం.

చెల్లెలు యశోదకు అక్క సావిత్రమ్మ దీవెనలు. ఇక్కడ మేమందరం బాగున్నాము. నువ్వు, మరిది, మోతెలో మనవాళ్లంతా క్షేమమని తలుస్తాను.

బడి ఉద్యోగం అయిపోయి, సూర్యాపేట వదిలి కొడుకు రాఘవులు ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. చుట్టూ రైసుమిల్లులే. ఆరేసిన చీరల మీద ఊక దుమ్ము పడుతుంది, రోజుకు రెండుసార్లు దులుపుతాను. అన్నానికి లోటు లేదు. మాట్లాడే మనిషే లేదు. నా గురించి దిగులు పడకు, బాగున్నాను.

నీ ఉత్తరం అందింది. "గజ్జల్లో గడ్డ పడుకుంటే లోపలికి పోతున్నది, ఇంక డాక్టరెందుకు" అని రాశావు. అందుకే ఇది పోస్టులో వేయక రాఘవులు చేతికిచ్చి పంపుతున్నాను. కూర్చుని చదువు.

నాకూ అదే గడ్డ. కుడివైపు, నిమ్మకాయంత. ఎవరికీ చెప్పలేదు. బయటికొచ్చిన ప్రతిసారీ నోటుపుస్తకంలో ఒక గీత పెట్టాను. మొదట రోజుకు రెండు, తర్వాత ఆరు. నెల కిందటి శుక్రవారం బయటికొచ్చింది, ఎంత నొక్కినా లోపలికి పోలేదు. పగలంతా నొప్పి, వాంతులు. కోడలు సుజాతతో అరగలేదన్నాను. మర్నాడు పొద్దున నొప్పి ఒక్కసారిగా ఆగిపోయింది. ఒళ్లు తేలికైంది. "జర మజ్జిగియ్యి బిడ్డా" అన్నాను.

ఆ గొంతు నాది కాదు, యశోదా. అమ్మది.

గుర్తుందా? రెండు రోజులు మెలికలు తిరిగి, ఆ పొద్దున ముఖం తేటపడి, అచ్చం అలాగే అడిగింది. అమ్మవారు కరుణించిందని నువ్వే లోటా అందించావు. మధ్యాహ్నానికి పోయింది. ఆమెకు స్నానం చేయించేటప్పుడు గజ్జల్లో గడ్డ చూశాను. సిగ్గుపడి నీకు కూడా చెప్పలేదు. ముప్పై ఆరేళ్లు దాచాను.

సుజాత మజ్జిగ తెచ్చింది. గ్లాసు పక్కన పెట్టి, చీర జరిపి చూపించాను.

"పిల్లల తప్పులన్నీ ఎర్రసిరాతోని దిద్దినవ్ అత్తమ్మా, నీది మాత్రం చీర కింద దాసుకున్నవా?" అంటూనే ఆటో కోసం పరుగెత్తింది.

దవాఖానలో రాఘవులు, "హైదరాబాద్‌ల చిన్న చిన్న రంధ్రాలు పెట్టి టీవీల సూసుకుంట చేస్తరట. గాడికి తీస్కపోత" అన్నాడు.

"మంచి పద్ధతే. నెల కింద వచ్చుంటే ఏది కావాలంటే అది చేయించుకునేటోళ్లు" అన్నాడు డాక్టరు. "ఇప్పుడు పేగు ఇరుక్కుంది. నొప్పి ఆగిందంటే అది చస్తున్నట్టు. దారిల ఇంకా చెడిపోతది. ఇక్కడనే కోసి, చేత్తో పట్టి చూడాలె."

నడుములో సూది ఇచ్చారు. మెలకువగానే ఉన్నాను. ఎవరిదో ముసలికాలు పైకెత్తి తుడుస్తున్నారు. పాపం ఎవరో అనుకున్నాను. మడమ మీద మచ్చ చూస్తే నాదే. ముఖానికి అడ్డంగా గుడ్డ కట్టారు గాని, పైన దీపం చుట్టూ మెరిసే రేకులో అంతా కనిపించింది. నేరేడుపండు రంగు పేగు. దానికి వేడినీళ్ల గుడ్డ చుట్టి, "చూద్దాం" అని అందరూ కదలకుండా నిలబడ్డారు. గోడ గడియారం చూసి లెక్కపెట్టాను. పదమూడు నిమిషాలు. గుడ్డ విప్పితే రెండు కొసలూ ఎర్రబడ్డాయి, మధ్యది నల్లగానే ఉంది. ఆ ముక్క తీసేసి కుట్టారు.

"ఎంత తీశారు?" అని అడిగాను.

"జానెడమ్మా."

"అంగుళాల్లో చెప్పండి."

తొమ్మిది.

కుట్లు విప్పారు. అన్నం తింటున్నాను, బాగున్నాను. మజ్జిగ మాత్రం గొంతు దిగడం లేదు.

నీ గడ్డ ఇంకా లోపలికి పోతున్నది. అంటే కోత కావాలా, రంధ్రాలు కావాలా అని డాక్టరును అడిగే వీలు నీకింకా ఉంది. నాకు లేకపోయింది. రాఘవులు వాకిట్లో కూర్చుని ఉంటాడు. నువ్వు లేకుండా తిరిగి రావద్దని చెప్పాను. రెండు చీరలు సర్దుకో. చిన్నమ్మకు నా నమస్కారాలు చెప్పి, ఆమె దీవెన మనిద్దరికీ అడిగి బయలుదేరు.

దారిలో నొప్పి పుట్టి, దానంతటదే తగ్గినా వెనక్కి తిరగకు. మజ్జిగ అడగకు.

ఇట్లు,
నీ కోసం గుమ్మంలోనే ఉండే అక్క,
సావిత్రమ్మ