పోలేరమ్మ సంతకం పెట్టకముందే చదవవలసిన వీలునామా

గుంటూరు జిల్లా పిడుగురాళ్లలో మాచర్ల రోడ్డు పక్కన భోజనాల మెస్సు నడుపుకుంటున్న బత్తుల రోశమ్మ అనే నేను, సుమారు యాభై మూడేళ్ళ వయసులో, నరసరావుపేటలో నా వకీలు కృపామణి గారి ఆఫీసులో కూర్చుని రాయించిన వీలునామా ఇది. ఊపిరితిత్తులు తప్ప నా ఒంట్లో తక్కినవన్నీ బాగానే పనిచేస్తున్నాయి. తెలివి సరిగ్గా ఉంది. జ్ఞాపకం అంతకంటే ఎక్కువగా ఉంది, కాస్త తక్కువుంటే సుఖపడేదాన్ని. గుంటూరు పెద్దాసుపత్రి డాక్టర్లు ఈ ఎండాకాలం దాటడం కష్టమన్నారు. వయసులో ఉన్నప్పుడు సున్నపు బట్టీల్లో తట్టలు మోశాను, ఆ దుమ్మే లోపల పేరుకుందట.

ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా దీన్ని రాయిస్తున్నాను. ఈ ముక్క ప్రతి కాగితంలోనూ ఉంటుంది. ముప్పై ఏళ్ళ కింద నా చేత వేలిముద్ర వేయించిన విడాకుల కాగితంలో కూడా ఉంది. అందుకని ఈసారి అది ఎట్లా నిజమో కూడా రాయమన్నాను. నన్ను బస్సెక్కించి తీసుకొచ్చినవాడు మా పక్క షెడ్డులో లారీలు బాగుచేసే అబ్దుల్ జబ్బార్. కృపామణి గారు మొదట చేసిన పని అతన్ని బయట బల్ల మీద కూర్చోమని తలుపు వేయడం. "నాకు తమ్ముడి లాంటోడమ్మా, ఉండనియ్యండి" అన్నాను. తమ్ముడైతే మరీ బయటే ఉండాలి అన్నారు. ఆ తర్వాత ప్రతి అంశమూ చదివి, నాకు ఏం అర్థమైందో నా మాటల్లో చెప్పమన్నారు. తప్పు చెప్పిన చోట విసుక్కోకుండా మళ్ళీ చదివారు. ఒక కాగితం నాకు అర్థమైందా లేదా అని ఒక మనిషి అడగడం నా జీవితంలో ఇదే మొదలు.

నా తదనంతరం జరగవలసినవీ, ముందే జరగవలసినవీ ఈ కింద రాయించాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత అబ్దుల్ జబ్బార్‌ది. అతనికి నా ఆస్తిలో ఏమీ రాయలేదు. రాస్తానంటే, "ఏందక్కా, నన్ను కూడా వారసుల్లో కలుపుతున్నావా" అని కోప్పడ్డాడు. అతని మాటను నా మాటగా అందరూ తీసుకోవాలి.

2. ఈ అంశం ఆస్తికి సంబంధించింది కాదు, తీసేద్దామా అని కృపామణి గారు అడిగారు. ఉంచమన్నాను. 1957 ఎండాకాలంలో, గురజాల దగ్గర మా అత్తవారి ఊళ్ళో, నాకూ నా భర్త బాలకోటయ్యకూ కులపెద్దలు విడాకులు ఇప్పించారు. ఆయన తాగి కొట్టేవాడు. తెగదెంపులు నేనే కోరుకున్నాను, దానికి ఈనాటికీ బాధ లేదు. కాగితం రాసింది బాలకోటయ్య తెచ్చిన వకీలు. మన వైపు ఎవరూ లేరా అని నేను అడిగితే మా అన్న పిచ్చియ్య, "ఇన్నాళ్ళు ఒక ఇంటోళ్ళం గదా, ఇద్దరు వకీళ్ళేందే, నలుగురూ నవ్వరా" అన్నాడు. కాపురంలో కలవలేని వాళ్ళం కాగితం దగ్గర మాత్రం ఒకటే ఇంటివాళ్ళమయ్యాం. మా వైపు ఇప్పటికీ అదే పద్ధతి నడుస్తున్నది. సొంత వకీలును పెట్టుకున్న ఆడదాన్ని గయ్యాళి అంటారు.

పెద్దలు నోటితో చెప్పింది వేరు. మూడేళ్ళ పోలేరమ్మ తండ్రి దగ్గర ఉంటుందనీ, నాకు నిలువ నీడ దొరికాక పండగలకు తెచ్చుకోవచ్చనీ అన్నారు. కాగితంలో రాసింది వేరు. బిడ్డ మీద నాకు ఏ హక్కూ లేదు, ఇక మీదట చూడబోను, పిలవను, మనోవర్తి అడగను అని రాసి, చదివి వినిపించగా విని సమ్మతించాను అని ముగించారు. నిజానికి అక్కడ ఎవరూ చదవలేదు. నాలుగు నెలల తర్వాత బెల్లపు ఉండలు కట్టుకుని బిడ్డను చూడబోతే, బాలకోటయ్య గడపలో నిలబడి ఆ నాలుగు ముక్కలూ గట్టిగా చదివి వినిపించాడు. లోపల పిల్ల ఏడుపు వినపడుతూనే ఉంది. ఉండల మూట అరుగు మీద పెట్టి వచ్చేశాను.

3. మా అన్న పిచ్చియ్యకు నా ఆస్తిలో చిల్లికాసు కూడా చెందదు. ఆ కాగితం మీద సాక్షి సంతకం ఆయనదే. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా, "అప్పుడు చదివించాల్సింది రోశీ" అని ఉంటే మెస్సులో సగం రాసేదాన్ని. అనలేదు. అయినా ఆయన ఎప్పుడు వచ్చినా కడుపునిండా అన్నం పెట్టాలి, డబ్బు అడగకూడదు. గోంగూర పచ్చడిలో పచ్చి ఉల్లిపాయ నంజుకోవడం ఆయనకు ఇష్టం. కోపం నాది, దాన్ని ఆయన ఆకలి మీద తీర్చుకోలేను.

4. నాతోపాటు వంట చేసిన పాపమ్మకు పెద్ద రుబ్బురోలు, ఇత్తడి గుండిగలు రెండూ, నా నేత చీరలన్నీ చెందుతాయి. వెనక గదిలో ఆమె బతికున్నంత కాలం ఉండవచ్చు, ఎవరూ లేవమనకూడదు. పాపమ్మ పప్పులో ఉప్పు ఎక్కువ వేస్తుంది. డ్రైవర్లు అన్నారని చెప్పినా వినదు. నేను పోయాక కూడా వినదని తెలుసు, కాబట్టి ఎవరూ ఆమెను దాని గురించి సతాయించవద్దు.

5. నా రేకు పెట్టెలో గాజులున్నాయి. ఏటా శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు పోయేదాన్ని. మా అత్తవారి ఊరివాళ్ళు వెదుళ్ళతో ఎత్తుగా కట్టి లాక్కొచ్చే ప్రభ వస్తే దాని వెంట పోలేరమ్మ కూడా వస్తుందేమోనని ఆశ. ఒక ఏడాది కనపడింది. తొమ్మిదేళ్ళుంటాయి, ఎర్ర రిబ్బను కట్టారు, ప్రభ తాడు పట్టుకుని నడుస్తున్నది. పిలవగానే వినపడేంత దగ్గరలో ఉన్నాను. పిలవనని కాగితంలో రాసి ఉంది గదా, పిలిస్తే పోలీసులు పట్టుకుపోతారని భయపడ్డాను. జనంలో ఆ రిబ్బను కనపడినంత దూరం వెనకే నడిచి ఆగిపోయాను.

ప్రతి ఏడూ గాజులు మాత్రం కొనేదాన్ని. ఆ వయసు పిల్లను ఎవరినైనా దగ్గరకు పిలిచి, చేతికి తొడిగి చూసి, పోలేరమ్మకు ఈ సైజు సరిపోతుందిలే అనుకునేదాన్ని. అవన్నీ నా మనవరాలు ప్రభావతికి ఇవ్వాలి. ఆ పిల్లకు ఇప్పుడు ఏడేళ్ళు. నా చెవి కమ్మలు కూడా ఆ పిల్లకే. నేను ఆ పిల్లను ఇంతవరకు చూడలేదు.

6. ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. పోలేరమ్మ భర్త ధనుంజయరావుకు మాచర్లలో లారీలున్నాయి. ఆయన ఇంకొక ఆవిడతో కాపురం పెట్టి ఏడాదైంది. పోలేరమ్మతో విడాకులకు రాజీ కాగితం రాయిస్తున్నాడని, ఆయన లారీ నడిపే ఇస్మాయిల్ నా మెస్సులో అన్నం తింటూ చెప్పాడు. ఈ ఏడు తిరునాళ్ళ అయ్యాక వచ్చే సోమవారం, మార్చి రెండో తేదీన సంతకాలట.

విన్న మర్నాడే మాచర్ల పోయి, నా కూతుర్ని పేరు పెట్టి పిలిచాను. నేనెవరో చెప్పకుండానే గుర్తుపట్టింది. లోపలికి మాత్రం రమ్మనలేదు. కాగితం సంగతి అడిగితే, "ఇద్దరికీ ఆయన వకీలే రాస్తన్నాడు. ఇంకో వకీలంటే వేరే ఖర్చు, పైగా చానా గొడవ. పాపని చదువు కోసమని ఆయన దగ్గరే ఉంచుకుంటాడంట. సెలవలకి నా కాడికి పంపుతానన్నాడు" అంది. ఆ మాట కాగితంలో రాశారా అని అడిగాను. "రాస్తారులే" అంది. నీకంటూ ఒక వకీలును చూసుకుని చదివించుకోమ్మా అని బతిమాలబోయాను. "నన్ను కాగితం మీద రాసిచ్చేసిందానివి, నువ్వా నాకు చెప్పొచ్చేది" అని తలుపేసింది. ఆ పిల్లను నేను తప్పు పట్టను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి తండ్రి ఆ కాగితం చూపించే పెంచాడు. అందులో నేను ఇష్టపూర్వకంగా ఇచ్చినట్టే ఉంది.

7. మాచర్ల రోడ్డులో తూర్పున రోడ్డు, పడమర బట్టీలకు పోయే డొంక, ఉత్తరాన జబ్బార్ షెడ్డు, దక్షిణాన ఖాళీ స్థలం హద్దులుగా ఉన్న నా మెస్సు, వెనక ఇల్లు, ఆ స్థలం మొత్తం నా స్వార్జితం. నా పుట్టింటి సొత్తు గానీ అత్తింటి సొత్తు గానీ అందులో లేదు. వీటన్నిటినీ నా కూతురు పోలేరమ్మకు సర్వహక్కులతో రాసిస్తున్నాను. అందుకు షరతు ఒక్కటే.

భర్తతో ఏ కాగితం మీదనైనా సంతకం పెట్టే ముందు పోలేరమ్మ తన సొంత వకీలు దగ్గర కూర్చోవాలి. ఆ వకీలును భర్త గానీ, అతని బంధువులు గానీ, మేనమామ పిచ్చియ్య గానీ ఎంచకూడదు. కృపామణి గారు కూడా వద్దు. నేను ఆమెనే అడిగాను. "నేను మీ వకీల్ని. మీ అమ్మాయి మీ మాట కూడా కాదనగలగాలి, కాబట్టి నేను పనికిరాను" అన్నారు. గుంటూరులో ఎవరినైనా పోలేరమ్మే చూసుకోవాలి. గదిలో మన మనుషులెవరూ ఉండకూడదు. మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా చదివించుకోవాలి. ఏం ఇస్తున్నానో, ఏం పుచ్చుకుంటున్నానో, పాప ఎవరి దగ్గర ఎన్నాళ్ళుంటుందో తన నోటితో వకీలుకు తిరిగి చెప్పాలి. అంతా విన్నాక కూడా సంతకం పెడతానంటే పెట్టుకోవచ్చు. నేను సంతకాన్ని ఆపడం లేదు. నా మెడలోని బంగారు నానుతాడు అమ్మి ఫీజు డబ్బు జబ్బార్ దగ్గర ఉంచాను. ఈ షరతు తప్పితే ఆస్తి మొత్తం అమ్మి కోటప్పకొండ మీద అన్నదానానికి ఇచ్చేయాలి.

ఈ ఏడో అంశం దాకా జబ్బార్ వచ్చే ఆదివారమే మాచర్ల పోయి పోలేరమ్మకు చదివి వినిపించాలి. మనిషి బతికుండగా వీలునామా చదవడం ఎక్కడా లేదని కృపామణి గారు అన్నారు. చదవకూడదని చట్టంలో ఉందా అని అడిగాను. లేదన్నారు. అయితే చదవండి అన్నాను. నేను చచ్చేదాకా ఆగితే సోమవారం దాటిపోతుంది. పోలేరమ్మ తలుపు తీయకపోతే, జబ్బార్ బయట నిలబడి వాడకట్టంతా వినేటట్టు చదవాలి. తల్లి మాటకు తలుపేసింది, ఆస్తి మాటకైనా ఆగి వింటుందని నా ఆశ. అది దురాశగల పిల్ల అని కాదు. దాన్ని నిలబెట్టడానికి నా చేతిలో ఇంకేమీ మిగల్లేదు.

8. ఈ అంశం ఆదివారం నాడు చదవకూడదు. పోలేరమ్మ నా షరతు వినకుండా, సొంత వకీలును చూడకుండా ఆ కాగితం మీద సంతకం పెట్టిందని తెలిస్తే, నేను ఉన్నా పోయినా, ఆ రోజే జబ్బార్ వెళ్ళి చదవాలి.

పోలేరమ్మా, షరతు ఉత్తదే. ఇల్లు నీదే, మెస్సు నీదే. ఇట్లా రాస్తే ఏడో అంశానికి విలువ లేకుండా పోతుందని కృపామణి గారు అన్నారు, పోతే పోనీ అన్నాను. బిడ్డ చేజారిన దానికి ఇల్లు కూడా లేకుండా చేసే పని నేను చేయను. ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. బట్టీల పక్కన రేకు కింద పడుకున్నాను గదా.

ఇంకొక మాట విను. ఆనాడు నేను కోర్టుకు పోయి ఉంటే ఏమయ్యేదని కృపామణి గారిని అడిగాను. ఆమె ముందు నాకు మంచినీళ్ళు ఇప్పించారు. తల్లీ తండ్రీ కాగితం రాసుకున్నంత మాత్రాన బిడ్డ సంగతి తెగిపోదట. వేలిముద్ర వేశాక కూడా తల్లి పోయి అడగవచ్చట. కోర్టు బిడ్డ మేలు చూస్తుందట గానీ కాగితాన్ని చూసి ఊరుకోదట. నిన్ను నాకే ఇచ్చేవారో లేదో ఆమె చెప్పలేనన్నారు. కానీ అడిగే హక్కు ఉందట. నీకు మూడేళ్ళప్పుడు అడగవచ్చు, తొమ్మిదేళ్ళప్పుడు అడగవచ్చు, పదిహేనేళ్ళప్పుడు కూడా అడగవచ్చు. వేలిముద్ర వేశాను గదా, అంతా అయిపోయింది గదా అని నేను కూర్చున్నాను. నువ్వు పెద్దదానివైపోయావు.

అందుకని సంతకం పెట్టేశానని కూర్చోవద్దు. ఫీజు డబ్బు ఇంకా జబ్బార్ దగ్గరే ఉంది. రేపు పొద్దున మొదటి బస్సుకు గుంటూరు పో. ప్రభావతికి ఇంకా ఏడేళ్ళే.

తేదీ: 20 ఫిబ్రవరి 1987, శుక్రవారం
నరసరావుపేట

బత్తుల రోశమ్మ ఎడమ బొటనవేలి ముద్ర

మా ఎదుట వేలిముద్ర వేసినందుకు సాక్షులు:
మన్నెం సీతారావమ్మ, టీచరు, నరసరావుపేట
షేక్ అహ్మద్, స్టాంపు వెండరు, నరసరావుపేట