ఇంజన్ ఆపే వాక్యం

స్టేషన్ ఘన్‌పూర్, 4-2-1983

గౌరవనీయులైన సుందర్ రావు మాస్టారికి,

పొలాలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు బాగుచేసే ఎల్లస్వామి నమస్కారాలు. యంత్రాల వాడుక కాగితాలు రాయడం నేర్పే మీ పోస్టల్ కోర్సు మొదటి పాఠం అందింది. ఇంజన్ నడిపే విధానం రాయమన్నారు. రాశాను: "ఇంజన్ స్టార్ట్ చేయాలి. నీళ్లు వస్తాయి."

మీ సర్టిఫికెట్ ఉంటేనే వరంగల్ ఇంజన్ల షాపులో ఈ కాగితాలు రాసే పని ఇస్తారట. దయ చూడగలరు.

విధేయుడు,
ఎల్లస్వామి

తా.క.: నీళ్లు రాకపోతే నన్ను పిలవాలని కూడా రాద్దామనుకున్నాను. సొంత డబ్బా అవుతుందని మానేశాను.

హనుమకొండ, 9-2-1983

ఎల్లస్వామి గారికి నమస్తే.

పదికి ఒక మార్కు. ఇంజన్ ఎన్నడూ ముట్టని మనిషికి మీ కాగితం ఇవ్వండి. అతను ఆగిన ప్రతిచోటా ఒక వాక్యం తక్కువైనట్టు. మీరు మాత్రం నోరు విప్పకూడదు, చెయ్యి పెట్టకూడదు.

మీ శ్రేయోభిలాషి,
సుందర్ రావు

తా.క.: ఆ ఒక్క మార్కు చేతిరాతకు.

స్టేషన్ ఘన్‌పూర్, 18-2-1983

మాస్టారికి నమస్కారాలు.

మా బావ రాజమల్లుకు కాగితం ఇచ్చాను. ఆరుసార్లు ఆగాడు, ఆరు వాక్యాలు కలిపాను. అప్పుడు ఇంజన్ నడిచింది. నీళ్లు పొలం నిండి, బాట దాటి, మొగిలమ్మక్క మిరపకాయలు ఎండబోసిన కల్లంలోకి పోయాయి.

"బంద్ చెయ్యవేందిరా" అని ఆమె మొత్తుకుంది.

రాజమల్లు కాగితం చూపించాడు. "గిండ్ల బంద్ చేసుడు రాయలేదక్కా. నన్నేం జెయ్యమంటవ్?"

నేను మీ నియమం తప్పలేదు. డీజిల్ అయిపోయి ఇంజన్ తనంతట తానే ఆగింది. మర్నాడు పంచాయితీకి పిలిచారు, అక్కడా పలకలేదు. నోరు మళ్లీ ఎప్పుడు విప్పాలో మీరు రాయలేదు. నేటికి నాలుగు రోజులు. ఆపే విధానం కూడా కలిపి, కాగితం జతచేశాను. మాట్లాడేందుకు అనుమతి కోరుతున్నాను.

ఎల్లస్వామి

తా.క.: తొందరేమీ లేదు. నేను మాట్లాడడం లేదని నా భార్య సోమక్క ఇంకా గమనించలేదు.

హనుమకొండ, 23-2-1983

ఎల్లస్వామి గారూ,

ఈ ఉత్తరం అందగానే మాట్లాడండి. తప్పు నాది. పన్నెండేళ్లుగా ఇదే పాఠం పంపుతున్నాను, ఎక్కడ ఆగాలో ఒక్కసారీ రాయలేదు. మొగిలమ్మ గారి మిరపకాయలు మళ్లీ ఎండబోయడానికి ఆదివారం నేనే వస్తున్నాను.

మీ కాగితం పట్టుకుని ఇంజన్ల షాపుకు వెళ్లాను. నిజం చెప్పాలంటే, ఇంజన్ నేనూ ఎన్నడూ ముట్టలేదు. మీరు రాసినట్టే చేశాను. నడిచింది. ఆపాను, ఆగింది. షాపు యజమాని, "గిది ఎవరు రాసిండ్రు సార్? సోమవారం నుంచే పనికి రమ్మనుండ్రి" అన్నాడు. సర్టిఫికెట్ మాటే ఎత్తలేదు.

ఎత్తినా ఇవ్వలేను. జవాబులు దిద్దే మాస్టార్లకు మా కోర్సు సర్టిఫికెట్ ఇవ్వదు. ఒప్పుకుంటే, వచ్చే నెల నుంచి ఆ దిద్దే పని కూడా మీదే.

సుందర్ రావు

తా.క.: దిద్దడానికి మొదటి జవాబు జతచేశాను. కిరోసిన్ స్టవ్ వెలిగించే విధానం. రాసింది నేనే. మా ఆవిడ విమల మూడుచోట్ల ఆగింది. మొహమాటపడకుండా మార్కులు వేయండి.