జిప్పున్న గోడ

మరిదికి,

ప్లాస్టిక్ షీటు తీసెయ్యమని మేస్త్రీతో కబురంపావు. తియ్యను. నోటితో చెబితే మధ్యలో అడ్డుపడతావని కాగితం మీద పెడుతున్నాను.

నీ వాటాలో గచ్చు పగలగొట్టిస్తున్నావు, బాగానే ఉంది. ఆ దుమ్మంతా నడవలోంచి వచ్చి నా వంటింటి గిన్నెల మీదా, మీ నాన్నగారి ఛాతీలోనూ చేరుతోంది. చెవినిల్లు కట్టుకుని పోరాను. "కాస్త ఓర్చుకో వదినా" అన్నావు. ఆ మాట ఆయన దగ్గుకి చెప్పి చూడు! అందుకే నడవకి అడ్డంగా, పైకప్పు నుంచి నేల దాకా షీటు కట్టాను.

దానికే నేను ఇల్లు రెండు ముక్కలు చేశానని చుట్టాలందరికీ ఫోన్లు చేశావట. ముక్కలు చేసేదాన్నయితే ఆ షీటుకి తలుపెందుకు పెడతాను నాయనా? అంటించే జిప్పు తెచ్చి మరీ దారి పెట్టాను. ముందు జిప్పు అంటించి, ఆ తర్వాత దాని మధ్యన షీటు కొయ్యాలి. నేను తొందరపడి ముందే కోసేశాను. అంచులు చెరోవైపు జారిపోయి జిప్పు వంకరపోయింది. మళ్లీ కొత్త షీటు తెచ్చి మొదటినుంచీ చేశాను. నువ్వు వచ్చిపోయేందుకే ఆ తిప్పలన్నీ.

జిప్పు లాగే పట్టు రెండువైపులా ఉంది. నీ వైపుది ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు. షీటు గాలికి కదిలినప్పుడల్లా మీ నాన్నగారు తలెత్తి అటే చూస్తున్నారు.

కాళ్లు దులుపుకుని రా. లోపలికొచ్చాక జిప్పు వెయ్యి.

మీ వదిన